దారం పిన్ని చేరిన తేదీ

అమ్మకు నమస్కారాలు.

ఇంట్లో అందరం బాగున్నాం. మన బైండింగు షెడ్డులో పనిచేసే పదకొండుమందీ బాగున్నారు. బాగా లేనిదల్లా నా బుర్ర ఒక్కటే. చెల్లి దగ్గర నీకు హాయిగా ఉందనీ, మోకాలు నొప్పి తగ్గి మెట్లు ఎక్కుతున్నావనీ చదివి సంతోషించాం.

నువ్వడిగినవాటికి జవాబులు. కటింగ్ మెషీన్ బాగైంది. బ్లేడు ముందు ఇనప జాలీ ఉండాలని కొత్త రూలు, అదీ పెట్టించాను. దానివల్ల కాగితం కట్ట సరిగ్గా కనబడటం లేదని మేస్త్రి పొద్దస్తమానం సణుగుతున్నాడు. "వేళ్ళు పదీ ఉన్నాయిగా, సణుగు" అంటాను నేను. ఆ రూలు మంచిదే. మంచివాటిని కాదనను.

"నేను నడిపినన్నాళ్ళూ లేని చట్టాలు ఇప్పుడెక్కణ్ణుంచి ఊడిపడ్డాయే?" అనడిగావు. అప్పుడూ ఉన్నాయమ్మా, అడిగేవాళ్ళు లేరు. ఇప్పుడు అడుగుతున్నారు, అదీ నెలకో రకంగా. హాజరు పుస్తకం ఉండాలన్నారని మన షెడ్డులోనే గట్టి అట్ట వేసి, మూలలకు తోలు అతికించి, గీతలు కొట్టించి తయారుచేశాను. ఇన్‌స్పెక్టరు దాన్ని అటూ ఇటూ తిప్పి, "బైండింగు చాలా బాగుందమ్మా. కానీ పుస్తకం చెల్లదు, కంప్యూటర్లో ఉండాలి" అన్నాడు. బైండింగు షాపువాళ్ళకు పుస్తకం చెల్లదట! సరే, కంప్యూటర్లో ఫారం నింపి లేబరాఫీసుకు పట్టుకెళ్ళాను. కౌంటర్లో గుమాస్తా తలెత్తకుండానే చెప్పాడు.

"ఈ ఫారం పోయిన వారమే రద్దయిందమ్మా."

"మరి కొత్తది?"

"ఇంకా రాలేదు."

"వచ్చేదాకా ఏం చెయ్యమంటారు?"

"గడువులోగా ఇవ్వాలి."

ఆ కౌంటరు అద్దం మీద నెత్తి కొట్టుకోవాలనిపించింది.

పని గంటల సంగతీ అంతే. స్కూలు నోటు పుస్తకాల ఆర్డరు నెత్తిమీద ఉండగా రూలు ప్రకారం ఆరింటికల్లా దీపాలార్పి అందరినీ పంపేశాను. వాళ్ళే ఉంటామన్నారు, నేనే వద్దన్నాను. పట్టుబడితే సమాధానం చెప్పుకోవాల్సింది నేను కదా. సరుకు నాలుగు రోజులు ఆలస్యమైంది. స్కూలువాళ్ళు సగం ఆర్డరు వేరే షాపుకిచ్చేశారు. వాళ్ళనేం అనను? పొద్దున్నుంచీ నిలబడి పనిచేసే ఆడవాళ్ళు వేళకు ఇంటికి వెళ్ళాలనడం తప్పనీ అనను. పెద్ద ఫ్యాక్టరీలో ఇవన్నీ చూడటానికి గదినిండా మనుషులుంటారు. ఇక్కడ జిగురు పాకం చూసేదీ నేనే, ఫారాలు నింపేదీ నేనే. ఎవరి మీద అరవాలో తెలియక గోడ మీదున్న క్యాలెండరు మీద అరుస్తున్నాను.

ఫోన్లో ముక్తసరిగా మాట్లాడుతున్నానని కష్టపెట్టుకున్నావు. నీ గొంతు వింటూ చెప్పలేని మాట ఒకటుంది. అందుకే ఈ ఉత్తరం.

పనిచేసే ప్రతి ఒక్కరికీ ఎప్పుడు చేరారో రాసి, సంతకం చేసి కాగితం ఇవ్వాలని పోయిన నెల రూలొచ్చింది. ఈ ఫారాల బాధ పడలేక ఒక కన్సల్టెంటును పెట్టుకున్నాను. జాబితా చూసి, "ఈ పాతావిడ తేదీ మార్చండి మేడం. ఉన్నదున్నట్టు రాస్తే ఆవిడ పని మానే రోజున అన్నేళ్ళ సర్వీసుకూ మీరే డబ్బు కట్టాలి" అన్నాడు.

పాతావిడంటే ఇంకెవరు, మన దారం పిన్ని. ఇరవై ఆరేళ్ళుగా మన పుస్తకాలకు కుట్టు వేస్తున్న మనిషి. స్కూలు నుంచి వచ్చి ఆ కాగితాల కట్టల మీద నిద్రపోయే నాకు దుప్పటి కప్పిన మనిషి.

నేను రెండేళ్ళని రాశాను.

ఆవిడకు చదువు రాదు కదా, కాగితం చేతికివ్వగానే, "ఏం రాశావో ఓసారి చదువు అమ్మాయీ" అంది. చదివాను. నోటితో ఇరవై ఆరేళ్ళని చదివాను. ఆవిడ చేతులకంటిన జిగురంతా కడుక్కుని వచ్చి, కాగితాన్ని కవర్లో పెట్టుకుని వెళ్ళింది.

మర్నాడు పనికి రాలేదు. ఆ మర్నాడు వచ్చి, ఆఫీసు గదిలో నా బల్ల మీద కాగితం పెట్టింది. కోడలి చేత చదివించుకుందట.

"నీకు చదవడం రాదా, రాయడం రాదా అమ్మాయీ? రెంటిలో ఏదో ఒకటి రాకపోతేనే కదా ఇలా అయ్యేది."

కన్సల్టెంటు చెప్పాడనబోయాను, సిగ్గేసి ఊరుకున్నాను. అక్కడికక్కడే ఆ కాగితం చించి, ఇరవై ఆరేళ్ళని కొత్తది రాసి సంతకం పెట్టిచ్చాను. ఆవిడ ముట్టుకోలేదు.

"నీ చేత్తో రాసింది నాకొద్దు. నన్ను పనిలో పెట్టుకుంది మీ అమ్మ. ఆవిడ చేత రాయించు."

వెళ్ళి తన చోట కూర్చుని సూదిలో దారం ఎక్కించుకుంది. ఆ రోజు నుంచి పనిలో లోటు చేయలేదు. కానీ నన్ను "మేడం" అంటోంది. "మేడం, దారం అయిపోయింది." "మేడం, వెళ్ళొస్తాను." ఆ మాట విన్నప్పుడల్లా చెంప పగిలినట్టుంటోంది.

కన్సల్టెంటును మాన్పించేశాను. అయినా కోపం చల్లారడం లేదు. నెల రోజులుగా నేను తిట్టిపోస్తున్న ఈ చట్టమే లేకపోతే పిన్నికి కాగితం ఇచ్చేదాన్నీ కాదు, నా బుద్ధి బయటపడేదీ కాదు. అదే ఎక్కువగా ఒళ్ళు మండిస్తోంది.

పిన్ని చేరిన సంవత్సరం నాకు తెలుసు. నెలా రోజూ నీకే తెలియాలి. ఒక తెల్లకాగితం మీద నీ చేత్తో రాసి, కింద సంతకం చెయ్యి. ఆమెతో పాటు నేనూ నిలబడి దాన్ని కోడలి చేతే చదివిస్తాను. నన్ను తిట్టాలనుంటే మాత్రం వేరే కాగితం మీద తిట్టు. ఎన్ని పేజీలైనా సరే, చదువుకుంటాను. ఆ ఒక్క కాగితంలో మాత్రం నా ఊసు వద్దు. అది పిన్నిది.

ఇట్లు,
నీ చీవాట్లకు సిద్ధపడి కూర్చున్న
పెద్దకూతురు