పూడిన కాలువ, రెండు బారల మడి

అక్కకు,

నీ తమ్ముడు రాజు దండం పెట్టి రాస్తున్నది. నువ్వు, బావ, పిల్లలు సల్లగా ఉన్నారనుకుంటాను. నేను బాగున్నాను, రంది పెట్టుకోకు. ఫోన్‌లో నేను అరుస్తాను, నువ్వు కట్ చేస్తావు. ఈ వారం అసలు ఎత్తడమే లేదు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. "నీ ఉత్తరం కరపత్రం లెక్కుంటది" అని నవ్వకుండా చివరిదాకా చదువు.

ఈ ఇంగ్లాండులో వాన గట్టిగా పడదు, ఆగనూ ఆగదు. గోదాంలో డబ్బాలు మోస్తున్నాను. నా గదిలో ఉండే సిరిసిల్ల శ్రీను వండిన పప్పు తింటే నీ పచ్చిపులుసు గుర్తొచ్చి ఏడుపొస్తుంది. అయినా కడుపునిండా తింటున్నాను.

ఆదివారాలు ఒక కాలువ తవ్వడానికి పోతున్నాను. కూలికి కాదు, ఊరికే. రెండు వందల ఏళ్ల కింద బొగ్గు పడవల కోసం మనుషులు పారలతో తవ్విన కాలువ అది. గుర్రాలు గట్టు మీద నడుస్తూ పడవలను లాగేవట. రైలు వచ్చాక పడవలు ఆగాయి, నీళ్ళను ఆపి వదిలే చెక్క తలుపులు కుళ్ళాయి, ఊరివాళ్ళే చెత్త పోసి పూడ్చారు. ఇప్పుడు ముసలివాళ్ళు కూడి మళ్ళీ తవ్వుతున్నారు. నీళ్ళు ఇంకకుండా అడుగున బంకమట్టి పరిచి తొక్కాలి. నేను బూట్లు విప్పి, మనం గోడకు మట్టి తొక్కినట్టు దిగాను. అందరూ నవ్వారు. నాకు కోపమొచ్చింది. "పూడ్చినవాళ్ళను జైల్లో వెయ్యాలి" అన్నాను.

మార్గరెట్ అనే డెబ్బై ఏళ్ల ఆమె పార ఆపకుండానే చెప్పింది: "మా నాన్నే పోశాడు. తోపుడుబండిలో ఇంటి చెత్త తెచ్చేవాడు, పక్కన నేను నడిచేదాన్ని. ఎండిన గుంట కదా, ఎవరికి నష్టం అనుకున్నాం."

అక్కా, అప్పుడు నాకు నీ మాట గుర్తొచ్చింది.

పోయిన వారం ఫోన్‌లో నువ్వన్నావు: "ఈయేడు కాల్వకు నీళ్ళచ్చినయిరా. మన మడి కాడికచ్చి ఆగుతున్నయి. మన కింది మడిల లచ్చవ్వ వరి నాటు ఎండుతుంది." నేను మన పై పొలాల రైతుల మీద ఎగిరాను, పోరాడాలన్నాను. "పైనోళ్ళు కాదురా" అని నువ్వు ఫోన్ పెట్టేశావు. అప్పుడు అర్థం కాలేదు.

నేను మేడిపల్లిలో మీ దగ్గర ఉన్న ఏడు, మీరు కోరుట్ల పెళ్ళికి పోయిన నాడు, పొలం గెట్టు పక్క లచ్చవ్వ మడికి పోయే పిల్లకాలువను ట్రాక్టరుతో దున్ని మడిలో కలిపింది నేనే కదా. "నీళ్ళచ్చిననాడు ఏం చేస్తవురా?" అని నువ్వు తిడితే, "మన దాకా నీళ్ళు రావు, కాగితం మీద రాసిస్త" అన్నాను. ఇదిగో, ఇప్పుడు రాస్తున్నాను.

శ్రీనుకు చెప్పాను. "సొంతూర్ల కాల్వ పూడ్చినవ్, ఈడికచ్చి తెల్లోళ్ళది తవ్వుతున్నవా? శభాష్ లీడర్!" అన్నాడు. కొట్టబోయి చెయ్యి దించాను.

నేను రాలేను. సెలవు అడిగితే ఉద్యోగం పోతుంది, ఉద్యోగం పోతే వీసా పోతుంది. ఈ ఉత్తరం చేరేసరికి లచ్చవ్వ నాటు ఉంటుందో లేదో. పనికిరాని మాటలు ఎన్నో చెప్పినవాణ్ణి, పనికొచ్చేది ఒక్కటి చెప్తున్నాను. కరెంటు స్తంభం నుంచి లచ్చవ్వ తాడిచెట్టుకు సూటిగా తాడు పట్టండి. అదే కాలువ. అక్కడ నాటిన వరి రెండు బారల వెడల్పున పీకాలి. బావ ఒప్పుకోడని తెలుసు. నన్ను తిట్టుకుంటూనైనా తవ్వమను. నువ్వు ఒక్కదానివే పార పట్టకు, నడుము జాగ్రత్త.

పిల్లలకు ముద్దులు. బావకు దండాలు. ఎవరైనా ఇటు వస్తే మామిడికాయ తొక్కు పంపు.

లచ్చవ్వ పెద్దమ్మకు నా దండం వేరుగా చెప్పు. నీళ్ళు ఆపిండ్రని ఆమె పొద్దున లేస్తే పైవాళ్ళను తిడుతుందన్నావు. పేరు మార్చుకొమ్మను. ఆ తిట్లు నావి.

నీ దీవెన కోరే తమ్ముడు,
రాజు