వంటింట్లో మంచం, పక్క ఊళ్లో పన్ను

మార్చి 3

పన్నులు వసూలు చేసే డొలోరెస్ కిస్లర్ గారికి, పోయిన ఎన్నికల్లో మీకే ఓటేసిన ఎల్వుడ్ ట్రెక్స్లర్ నమస్కారాలు.

అమ్మా, ఊరి సరిహద్దు మా ఇంటి నడుమ నుంచి పోతోందని సర్వేవాళ్లు తేల్చారు. పడకగది మన ఫాక్స్ రన్‌లో, వంటిల్లు పక్కనున్న లింబాక్‌లో ఉన్నాయట! రాష్ట్రానికి కట్టేది ఎటైనా ఒకటే. ఊరి ఆదాయపు పన్ను మాత్రం మీకు నూటికి ఒకటిన్నర, వాళ్లకి ఒకటి. నా బతుకంతా వంటింట్లోనే గడిచింది, నా బొజ్జే సాక్ష్యం. నన్ను లింబాక్ వాడిగా రాసుకోగలరు.

ఇట్లు,
ఎల్వుడ్

తా.క. "అర శాతం కోసం ఊరు మారతావా? ఇన్నేళ్లలో చొక్కా మార్చమంటేనే మార్చలేదు!" అంటోంది మా ఆవిడ ఆర్లీన్.

మార్చి 7

ఎల్వుడ్ గారికి,

తినే చోటుతో పని లేదు. మా ఆఫీసు లెక్కలో మంచం ఎటుంటే మనిషి అటు. కనుక మీరు ఫాక్స్ రన్ వారే.

డొలోరెస్

తా.క. చర్చిలో తీసే కునుకు లెక్కలోకి రాదు. నేను మీ వెనక బెంచీలోనే కూర్చుంటాను.

మార్చి 12

డొలోరెస్ గారికి,

అటక మీది మడత మంచం వంటింట్లో వేశాను. ఇప్పుడు తల దగ్గర ఫ్రిజ్, కాళ్ల దగ్గర పొయ్యి. ఆర్లీన్ రానంది. ముప్పై ఎనిమిదేళ్ల తర్వాత ఒంటరిగా పడుకుంటే దిగులుగా ఉందమ్మా. అయినా మాటంటే మాటే.

లింబాక్ వాసి ఎల్వుడ్

తా.క. నిద్రలో దొర్లి, ఆర్లీన్ చల్లారబెట్టిన షూఫ్లై పై అనే బెల్లపు పిండివంట మీద పడ్డాను. పిండివంటా పోయింది, పరువూ పోయింది.

ఏప్రిల్ 2

ఎల్వుడ్ గారికి,

ఊరు మారే కాగితం అందింది. ఉద్యోగం గడి ఖాళీగా వదిలేశారు. ఏం పని చేస్తున్నారు?

డొలోరెస్

తా.క. పోయినసారి నేను ఒక్క ఓటుతో గట్టెక్కాను. ఊరు మారితే ఓటూ మారుతుంది. కాస్త ఆలోచించండి.

ఏప్రిల్ 5

డొలోరెస్ గారికి,

పనా? క్రిస్మస్‌కే సిమెంటు ఫ్యాక్టరీలో రిటైరయ్యాను. ఇప్పుడు వచ్చేది పెన్షనొక్కటే.

ఎల్వుడ్

తా.క. నడుం పట్టేసింది. ఈ ఉత్తరం నిలబడే రాస్తున్నాను.

ఏప్రిల్ 9

అయ్యో ఎల్వుడ్ గారూ,

పెన్షన్ మీద మా ఊరూ పన్ను వేయదు, లింబాకూ వేయదు, రాష్ట్రమూ వేయదు. చంద్రమండలంలో పడుకున్నా మీ పన్ను సున్నాయే! జనవరిలో ఇంటింటికీ పంపిన పన్నుల పుస్తకంలో మొదటి పేజీలోనే ఉంది.

డొలోరెస్

ఏప్రిల్ 12

డొలోరెస్ గారికి,

మీ ఉత్తరం ఆర్లీన్‌కి చదివి వినిపించాను. ఆ పుస్తకం ఆవిడ జనవరిలోనే చదివిందట!

"మరి చెప్పలేదేమే?" అన్నాను.

"ఎందుకు చెప్తాను? పెళ్లయిన ముప్పై ఎనిమిదేళ్లకి నీ గురక లేకుండా నెల రోజులు నిద్రపోయాను. ఆ సుఖం నా చేతులతో నేనే చెడగొట్టుకోనా?" అంది.

నేను పన్ను ఎగ్గొట్టానని మురిసిపోయాను. ముప్పై ఎనిమిదేళ్లూ ప్రతి రాత్రీ నా గురక పన్ను కట్టింది పాపం ఆవిడ. సిగ్గేసిందమ్మా.

ఇట్లు,
తెలివి ముదిరిన ఎల్వుడ్

తా.క. బతిమాలితే పడకగదిలోకి రానిచ్చింది, వారానికి రెండు రాత్రులే. మిగతా ఐదూ లింబాక్‌లోనే. మీ మంచం లెక్క ప్రకారం ఆ ఒక్క ఓటూ పోయినట్టే, మన్నించాలి.