సన్యాసుల చెరువు తూము ఎత్తించవలసిందిగా

జిల్లా కాలిబాటల శాఖ అధికారి గారి సముఖమునకు,

వాల్‌మేర్ గ్రామ నివాసి, కాలిబాట గుర్తులు వేయు స్వచ్ఛంద పనివాడు అన్సెల్మ్ గ్రుసార్, వయస్సు డెబ్బై ఆరు, వ్రాసుకొనునది.

జనవరి 19

అయ్యా,

విషయం: సన్యాసుల చెరువును ఆనవాయితీ ప్రకారం ఖాళీ చేయించుట గురించి, నా భార్య సొలాంజ్ గురించి.

సూచిక: తమ కార్యాలయపు సెప్టెంబర్ 4 నాటి లేఖ, తిప్పి పంపబడిన నా దరఖాస్తు, డిసెంబర్ 2.

ఈ కాగితాన్ని దయచేసి చేపల శాఖకు పంపవద్దని ముందుగానే వేడుకుంటున్నాను. నేను అక్కడి నుంచే వస్తున్నాను. వాళ్లు తమరి దగ్గరికే వెళ్లమన్నారు.

1. ముప్పై ఒక్క సంవత్సరాలుగా మా ఊరి బాటకు గుర్తులు వేయు పని నాది. చర్చి వాకిట మొదలై, ఓక్ తోపు దాటి, ఐదు చెరువులు చుట్టి, పాడుబడిన మఠం గోడల పక్కగా, పాత చాకిరేవు మీదుగా మళ్లీ చర్చి దగ్గరికి వచ్చే ఇరవై రెండు కిలోమీటర్ల బాట అది. ఏటా వసంతంలో ప్రతి గుర్తునూ కొత్తగా దిద్దేవాళ్లం. నా భార్య ఇనుప పలకతో చెట్టు బెరడు గీకేది, నేను పసుపు రంగు వేసేవాడిని. అడ్డగీత ఒకటుంటే ఇదే దారి. గీత వంగి ఉంటే ఇక్కడ తిరగాలి. ఇంటూ గుర్తు ఉంటే ఇటు కాదు. ఇంతకు మించిన చదువు ఈ పనికి అక్కర్లేదు. నా మీద ఇన్నేళ్లలో ఒక్క ఫిర్యాదు వచ్చింది. రాజధాని నుంచి వచ్చిన దంపతులు దారి తప్పారు. వాళ్లు దారి పొడవునా పోట్లాడుకుంటూ నడిచారు, గుర్తులు చూడలేదు. ఆ సంగతి అప్పుడే విన్నవించుకున్నాను.

నా పనిని తమ కార్యాలయం మెచ్చుకున్న సందర్భాలు రెండు. నా భార్య ఒక్కసారీ మెచ్చుకోలేదు. "అన్సెల్మ్, గీత వంకర పోయింది. పొద్దున్నే తాగావా?" అనేది. చెరిపించి మళ్లీ వేయించేది.

2. నాలుగేళ్ల క్రితం ఆమెకు మతిమరుపు జబ్బు వచ్చింది. మొదట మా పెళ్లి తేదీ పోయింది. తర్వాత ఇరుగుపొరుగు పేర్లు. తర్వాత నా పేరు. ఒకరోజు వంటింట్లో నా వంక చాలాసేపు చూసి, "నువ్వు రంగులాయనవు కదూ?" అని అడిగింది.

"అవునే, రంగులాయన్నే."

"మా ఆయనా రంగులేస్తాడు. నీకంటే సన్నం. నీకంటే మాటకారి."

"అదృష్టవంతురాలివి."

"ఏం అదృష్టంలే, గీతలన్నీ వంకరే" అంది.

అన్నీ పోయినా గుర్తులు చదవడం మాత్రం పోలేదు. అక్షరాలు మరిచిపోయిన మనిషి పసుపు గీత కనబడితే దాని వెంట నడిచేది, ఇంటూ కనబడితే ఆగి వెనక్కి తిరిగేది. డాక్టరు గారు ఇది విని నాచేత రెండుసార్లు చెప్పించుకున్నారు. ఆమెను ఇంట్లో పెట్టి తాళం వేయడం నాకు చేతకాలేదు. నలభై తొమ్మిదేళ్లు నా పక్కన నడిచిన మనిషి. అందుచేత నేనొక నేరం చేశాను. అనుమతి లేకుండా రెండు గుర్తులు వేశాను. మొదటిది సన్యాసుల చెరువు కట్ట మొదట్లో ఉన్న ఓక్ చెట్టు మీద ఇంటూ. రెండవది మా ఇంటి గేటు స్తంభం మీద అడ్డగీత. రోజూ ఆమె తోపు గుండా ఓక్ చెట్టు దాకా నడిచేది, ఇంటూ చూసి మళ్లేది, గేటు మీద గీత చూసి లోపలికి వచ్చేది. ఏడాదిన్నర పాటు ఆమెను కాచింది నేను కాదు, ఆ రెండు గుర్తులు.

3. తమ లేఖలో ఈ రెండు గుర్తులూ అక్రమమని తెలియజేశారు. 'చెరువులు-మఠాల బాట' అనే కొత్త బాట వచ్చే వసంతంలో ప్రారంభమవుతున్నందున, ఇకపై చెరువు కట్ట మీది దారే అసలు దారి అనీ, ఓక్ చెట్టు మీది ఇంటూను పదిహేను రోజుల్లో చెరిపి, ఆ స్థానంలో అడ్డగీత వేయవలెననీ ఆదేశించారు. కట్ట మధ్యలో అలుగు ఉందని, దాని మీద నాచు పట్టిన ఒక్క చెక్క పలక తప్ప పట్టుకోవడానికి కమ్మీ లేదని జవాబు వ్రాశాను. కమ్మీ ప్రారంభోత్సవం లోపు వస్తుంది, కరపత్రానికి ఫోటోలు తీయాలి కాబట్టి గుర్తు వెంటనే కావాలి అని తమ కార్యాలయం నుంచి ఫోను వచ్చింది. మాట్లాడినావిడ చాలా మర్యాదగా మాట్లాడింది.

నా భార్య సంగతి ఆ జవాబులో వ్రాయలేదు. అది సొంత విషయం కదా, సర్కారు కాగితంలో ఎందుకని ఊరుకున్నాను. ఆ బుద్ధి తక్కువ నాదే, తమది కాదు.

4. సెప్టెంబర్ 17న, గడువుకు రెండు రోజులు ముందుగానే, నేను స్వయంగా వెళ్లి ఇంటూ మీద బూడిద రంగు పూశాను. ఆరాక దాని మీద పసుపు అడ్డగీత వేశాను. నా భార్య పక్కనే నిలబడి చూస్తోంది.

"ఇటు కాదన్నావుగా?" అంది.

"ఇప్పుడు ఇటే."

"ఎవరు చెప్పారు?"

"ఆఫీసువాళ్లు."

"అయితే సరే" అంది. గీతను దగ్గరగా వచ్చి చూసి, "ఇది మాత్రం తిన్నగా వచ్చింది" అంది.

జీవితంలో ఆమె నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్క గీతకే.

ఆనాటి నుంచి ఆమె వెంట నేనే నడిచాను. ఇరవై రెండు రోజులు ఒక్క అడుగు వదల్లేదు.

5. అక్టోబర్ 9న మధ్యాహ్నం సూపుకు ఉల్లికాడలు తరుగుతున్నాను. తలెత్తి చూస్తే కుర్చీ ఖాళీగా ఉంది.

6. ఆమె చేతికర్ర అలుగు పలక మీద దొరికింది. పోలీసు కుక్క అక్కడిదాకా వచ్చి ఆగిపోయింది. గజ ఈతగాళ్లు రెండు రోజులు వెతికారు. అరవై హెక్టార్ల చెరువు, అడుగున నడుములోతు బురద, కట్ట పొడవునా రెల్లు. నీళ్లలో జానెడు దూరం కనబడదు. మూడో రోజు వాళ్లను వేరే పనికి పిలిచారు. కాగితాల్లో ఇప్పుడు ఆమె 'కనిపించని వ్యక్తి'. చనిపోయిందని చెప్పడానికి ఆధారం లేదు, కనుక పాదిరి గారు ప్రార్థన చదవరు. చనిపోయినట్టు కాగితం ఊళ్లో ఆఫీసులో అడిగితే పదేళ్లు ఆగాలన్నారు. నేను పదేళ్లు ఉంటానో లేదో వాళ్ల దగ్గర కాగితం లేదు. మొన్న జనాభా లెక్కల ఫారం ఆమె పేరుతో వచ్చింది. ఇంట్లో ఎంతమంది అన్న గడి ఇంకా నింపలేదు.

7. అయ్యా, మా వైపు చెరువులు ఏటా నవంబరులో ఖాళీ చేస్తారు. మఠం సన్యాసులు చెరువు తవ్విన నాటి నుంచి ఇదే పద్ధతి. తూము ఎత్తితే వారం రోజుల్లో నీరు కిందికి పోతుంది. చేపలన్నీ తూము ముందు గుంటలోకి చేరతాయి. తెల్లవారేసరికి ఊరంతా వలలతో, గంపలతో కట్ట మీద ఉంటుంది. నా భార్య మోకాళ్ల దాకా బూట్లు వేసుకుని గుంట ఒడ్డున నిలబడి బంగారుతీగ చేపలను ఒక గంపలో, చిన్నవాటిని ఒక గంపలో వేరుచేసేది. చలికి చేతులు ఎర్రబడితే నా కోటు జేబుల్లో పెట్టేది, నా కోటుకు వారం రోజులు చేపల వాసన. నేను గొణిగేవాణ్ణి. ఇప్పుడు ఆ కోటును ఉతకడం లేదు.

ఖాళీ అయిన చెరువు ఏమీ దాచుకోదు. అందరికీ తెలిసిన సంగతే. పోయిన ఉంగరాలు, పడిపోయిన సైకిళ్లు, ఒకసారి యుద్ధకాలపు తుపాకీ, అన్నీ బయటపడ్డాయి. కనుక నవంబరు కోసం ఎదురుచూశాను. నవంబరులో తూము ఎత్తలేదు. కరపత్రం బొమ్మలో మఠం గోడల నీడ నీళ్లలో పడాలని, ప్రారంభోత్సవం అయ్యేదాకా నీటిమట్టం తగ్గించరాదని ఉత్తర్వు వచ్చిందట.

దరఖాస్తు పెట్టాను. అందులో చెరువు ఖాళీ చేయుటకు కారణం అన్న చోట నాలుగు గడులున్నాయి: చేపలు, మరమ్మతు, కలుపు, ఇతరం. ఇతరం దగ్గర టిక్కు పెట్టి, పక్కన 'భార్య' అని వ్రాశాను. ఇతరమునకు తగిన ఆధార పత్రము జతపరచనందున దరఖాస్తు తిప్పి పంపడమైనది అని వచ్చింది. అయ్యా, ఆ ఆధార పత్రం చెరువులోనే ఉంది.

8. తూము కాపలాదారు ఫిర్మిన్ నాతో బడిలో చదివినవాడు. పోయిన ఆదివారం మా ఇంటికి వచ్చి బల్ల ముందు టోపీ తీయకుండానే కూర్చున్నాడు.

"చూడరా అన్సెల్మ్, తూము ఎత్తడం నాకు పావుగంట పని. తాళంచెవి ఇదిగో, జేబులోనే ఉంది. లేనిది కాగితమే."

"కాగితం లేకుండా ఎత్తితే నీ ఉద్యోగం పోతుంది."

"పోతే పోయింది. ఇంకో ఏడాదేగా మిగిలింది. సొలాంజ్ నాకు మాత్రం పరాయిదా? నువ్వు ఊఁ అను చాలు."

నేను ఊఁ అనలేదు. అర్జీ పెడతాను, పై నుంచి ఉత్తర్వు రానీ అన్నాను. వాడు నన్ను తిట్టాడు. ఏమని తిట్టాడో ఇక్కడ వ్రాయరాదు. లేచి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "నీకిప్పటికీ ఆఫీసువాళ్లే చెప్పాలా?" అన్నాడు. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు.

కావున తమకు మనవి చేసుకొనునది ఏమనగా:

తప్పు ఎవరిదని ఈ అర్జీ అడగడం లేదు. ఉత్తర్వు తమది, గీసిన చెయ్యి నాది. విచారణ వద్దు, పరిహారం వద్దు, సానుభూతి లేఖ అసలే వద్దు. ఫిబ్రవరి నెలాఖరు లోపు తూము ఎత్తించండి. ప్రారంభోత్సవం నాటికి వానలు చెరువును మళ్లీ నింపుతాయి, మఠం నీడ ఎక్కడికీ పోదు. నీళ్లు దిగే రోజున ఊరివాళ్లను రావద్దని చాటింపు వేయించండి. వలలు వద్దు, గంపలు వద్దు. గుంట దగ్గర నేనూ ఫిర్మిన్ ఉంటే చాలు. నేను ఆమె బూట్లు తెచ్చుకుంటాను. అవి నాకు బిగుతే, అయినా తొడుక్కుంటాను.

ఇంకా, ఓక్ చెట్టు మీద ఇంటూ గుర్తు తిరిగి వేయడానికి అనుమతి కోరడం లేదు. నిన్న ఉదయం వేసేశాను. కమ్మీ వచ్చిన రోజున నేనే చెరుపుతాను.

ఇంతకు మించి సర్కారు భాష నాకు రాదు. చిత్తగించవలెను.

ఫిబ్రవరి నెలాఖరు వరకు తమ విధేయుడు,
అన్సెల్మ్ గ్రుసార్

తా.క.: మా గేటు స్తంభం మీది అడ్డగీత కూడా అక్రమమేనని తమ లేఖలో ఉంది. దాన్ని ఇంతవరకు చెరపలేదు. ఆమె చెరువులోనే ఉందని నాకు తెలుసు, తెలిసే పైన ఇదంతా వ్రాశాను. అయినా మంచు కురిసిన ప్రతి ఉదయం వెళ్లి ఆ గీత మీది మంచు తుడిచి వస్తున్నాను. ఆమె గుర్తులు సరిగ్గా చదువుతుంది. తూము ఎత్తించినా, ఎత్తించకపోయినా, ఆ గీతను మాత్రం నేను చెరపను. తమరు మనిషిని పంపి చెరిపిస్తే మళ్లీ వేస్తాను. ఈసారి తిన్నగా వేస్తాను.