నాన్న పట్టుకున్న ఏంటెనా

నర్సీపట్నం, 1998
ఆదివారం రాత్రి

నాన్న పోయాక ఇవాళే అమ్మ మొదటిసారి టీవీ పెట్టమంది. కిందటి క్రిస్మస్‌కి టీవీలో వచ్చిన పాటల కేసెట్టు కావాలంది. మా వీసీఆర్ మహాశయుడు తన జీవితకాలంలో రికార్డు చేసిన ఏకైక కళాఖండం అది.

రెండో పాటలో బొమ్మ చెదిరి తెర నిండా చుక్కలొచ్చాయి. రికార్డు చేసిన ఆ క్రిస్మస్ రాత్రి బలిఘట్టం వైపు నుంచి వీచిన గాలికి ఏంటెనా తిరిగిపోతే, నాన్న డాబా ఎక్కి దాన్ని చేత్తో పట్టుకుని నిలబడ్డారు.

"ఈ చుక్కల మహాకావ్యాన్ని దాటించెయ్యనా, అమ్మా?" అన్నాను.

"ఊరుకోరా. మీ నాన్న ఎక్కుతున్నారు."

కాసేపటికి బొమ్మ నిలబడింది. పాటలన్నీ అయ్యేదాకా మళ్ళీ కదల్లేదు. అంతసేపూ పట్టుకునే ఉన్నారన్నమాట...

కేసెట్టు ఆగింది. అమ్మ పైకప్పు వైపు చూసి, "ఇంక దిగొచ్చీండి, సలేస్తంది" అంది.