అల్లుడి బండికి గొడుగు కాడ

విరుదునగర్, ఆదివారం.

మా ఇళ్లలో మామ, అల్లుడు ముఖాముఖి మాట్లాడుకోరు. పెళ్లయి ఆరేళ్లయినా మా మాటలన్నీ కూతురు రాజీ ద్వారానే. అల్లుడి దగ్గర రిమోటుతో రాళ్లెక్కే బొమ్మ బండి ఒకటుంది.

"నాయనా, మోటారు నుంచి చక్రాలకు పోయే ప్లాస్టిక్ కడ్డీలు మళ్లా విరిగిపొయ్యెనంట. చూస్తావా అంటా ఉండారు" అంది రాజీ. అల్లుడు ఆమె వెనకే నిలబడి గోడను చూస్తున్నాడు.

"చూస్తానని చెప్పు" అన్నాను. నలభై ఏళ్లు పంపుసెట్లు బాగుచేసినవాణ్ణి, ఇంత బొమ్మ దగ్గర ఓడిపోతే అల్లుడి ముందు తలెత్తలేనని లోపల భయం.

పాత గొడుగు కాడ ఇనుప గొట్టమే కదా. దాన్ని కోసి రెండు కడ్డీల మీదా తొడిగి, అటూ ఇటూ సన్న మేకులు దిగగొట్టాను. సాయంత్రం అల్లుడు ఇంటి ముందున్న పునాది రాళ్ల కుప్ప మీదికి బండిని ఎక్కించాడు. పెద్ద రాయి దగ్గర చక్రం ఇరుక్కుంది. అతను ఇంకా నొక్కాడు. లోపల పటపటమని చప్పుడు.

"మామా, గేరు పళ్లు రాలిపొయ్యె!" అని అరిచాడు.

"కడ్డీ విరగలే గదా!" అని నేనూ అరిచాను.

వెంటనే ఇద్దరం నోళ్లు మూసుకున్నాం. రాజీ గడపలో కూలబడి నవ్వింది.

కడ్డీ మరీ గట్టిదైతే బలమంతా గేరు మీద పడుతుందని నాకు తట్టలేదు. ఇనుప గేరు తెమ్మని రేపు అతనికి చెప్పాలి. రాజీ పొద్దున్నే పనికి వెళ్లిపోతుంది. అతను నన్ను మామా అన్నాడు, సరే. నేను అతణ్ణి ఏమని పిలవాలి?