మెన్ష్ అంటే మనిషేనట

2022 నవంబర్ 3

రూత్ అమ్మ పడిపోయింది. బాత్‌రూమ్ గడప దగ్గర. ఎలా పడిందో ఆమెకు గుర్తులేదట. కుడి మణికట్టు విరిగింది. తుంటికి ఏమీ కాలేదు, అల్లా దయ. ఆసుపత్రికి పరుగున వచ్చిన కొడుకు డేవిడ్ సార్ ఒకటే అడిగారు. "షమీమ్, నేల తడిగా ఉందా? గంగమణి తుడిచిందా?"

"తుడిచింది సార్" అన్నాను.

అబద్ధం కాదు. పొద్దున్నే తుడిచింది. ఎప్పుడో ఆరిపోయింది... అది చెప్పలేదు.

నవంబర్ 4

ఇక్కడైనా రాయాలి. రూత్ అమ్మను గడప దగ్గర నిలబెట్టి ఫోన్ తీయడానికి వెళ్ళాను. కడప నుంచి చెల్లెలు. వీడియోలో కొత్త ఫ్రిజ్ చూపించింది. నేను నర్సుని. చెయ్యి వదలకూడదు.

నవంబర్ 5

వంటింట్లో గంగమణి. ఈ ఇంట్లో వంటా, ఇంటిపనీ ఆమెవే. "అక్కా, నేనైతె పొద్దుగాల్నే తుడిచిన. అప్పటికి ఎండిపోయె గద? నువ్వు జూసినవ్ గద?"

తువ్వాళ్ళు మడత పెడుతూ ఉండిపోయాను.

నవంబర్ 6

చెంచాతో సూప్ తాగిస్తున్నాను. రూత్ అమ్మ నా చెయ్యి పట్టుకుని, "నువ్వు మెన్ష్‌వి" అంది. వాళ్ళమ్మ మాట్లాడిన యూదుల భాష, యిద్దిష్‌లో మాట. అర్థం? మనిషి.

"అంతేనా అమ్మా?"

"అంతే. అది కావడమే కష్టం."

మా అవ్వ కూడా కోపమొస్తే అనేది — వాడూ ఒక మనిషేనా అని. సూప్ సగంలోనే దించేశాను.

నవంబర్ 7

రూత్ అమ్మ ఇంకో మాట చెప్పింది, హీబ్రూలో. త్సదీక్. న్యాయం తప్పనివాడు. నాకు మా తమ్ముడి పేరు వినబడింది. సాదిఖ్. అరబ్బీలో నిజం చెప్పేవాడు.

నవంబర్ 8

సార్ గంగమణిని పిలిచి ఖలాస్ అనేశారు. వీసా రద్దు. గురువారం ఊరికి ఫ్లైట్. సూట్‌కేస్ ముందు కూర్చుని నన్నే అడుగుతోంది... "ముసలామెను పడేసి వచ్చిందంటరక్కా మా ఊర్ల. ఏమని జెప్పాలె?"

నవంబర్ 9, పొద్దున

రూత్ అమ్మకు చెప్పేశాను. అంతా. ఫ్రిజ్ సంగతి కూడా.

తిడుతుందనుకున్నాను.

"నాకెందుకు చెబుతున్నావు? నీవల్ల పోతున్నది ఆమె. ఆమె క్షమించకుండా దేవుడు కూడా క్షమించలేడు."

చిన్నప్పుడు మా మసీదులో పాఠాలు చెప్పే హజ్రత్ చెప్పిందీ ఇదే. ఇన్నాళ్ళూ ఆమెకు చెప్పనిది తెలియక కాదు. భయం.

సాయంత్రం

గంగమణి ఉల్లిపాయలు తరుగుతోంది. నిలబడే చెప్పాను. కత్తి ఆగింది.

"ఆరు దినాలు నా మొఖం జూస్కుంట నా చేతి బువ్వ తిన్నవ్ గదక్కా."

మళ్ళీ తరగడం మొదలుపెట్టింది.

తర్వాత సార్‌కి చెప్పాను. కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. "రేపు మాట్లాడదాం" అన్నారంతే.

నవంబర్ 10

గంగమణి టికెట్ రద్దు చేశారు. తానే ఆమెకు సారీ చెప్పారు సార్. నా సంగతి? నన్ను పంపిన ఏజెన్సీతో మాట్లాడాలట. రేపో, ఎల్లుండో.

గంగమణికి సలాం చేశాను. ఆమె తలెత్తలేదు.

పదింటికి రూత్ అమ్మ స్నానం. గంగమణి ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. నేను తువ్వాలు పట్టుకుని బయట నిలబడ్డాను. నీళ్ళ చప్పుడు... ఇద్దరూ ఏదో మాట్లాడుకుంటున్నారు. ఎవరైనా పిలుస్తారేమోనని చూస్తున్నాను.