జామ్ సీసాలో గులాబీలు

అక్కా, ఇక్కడ అందరూ కులాసా, నేను తప్ప.

మామగారి రిటైర్మెంటు పార్టీకని వారమంతా కూర్చుని కాగితం పూలు చేశాను. ఆ పొద్దున మా తోడికోడలు పెరట్లో నాలుగు గులాబీ మొగ్గలు కోసి, ఖాళీ జామ్ సీసాలో నీళ్ళు పోసి పెట్టింది. అంతే, అత్తగారు "ఎంత ముచ్చటగా ఉన్నాయే!" అని మురిసిపోయారు. నా పూలవైపు కన్నెత్తి చూస్తే ఒట్టు. నాకు ఒళ్ళు మండింది. మొగ్గలు వాడిపోవాలని, ఎవరూ లేనప్పుడు సీసాలో వేడినీళ్ళు పోశాను. తీరా చూస్తే, చలికి ముడుచుకున్న మొగ్గలన్నీ సాయంత్రానికి చక్కగా విచ్చుకున్నాయి!

చుట్టాలు మెచ్చుకుంటుంటే తనేమందో తెలుసా? "నాదేం లేదండీ, అక్కయ్యే గోరువెచ్చని నీళ్ళు పోసింది. నేను చూశాను." అందరూ నన్ను తెగ పొగిడారు. తను నిజంగానే అలా అనుకుందో, కావాలనే అందో తెలియక చస్తున్నాను.

చంటాడి దగ్గు తగ్గిందా? నా పెద్ద కత్తెర నీ దగ్గరే ఉండిపోయింది, ఎవరైనా వస్తుంటే పంపు. బావగారికి నమస్కారాలు.

అన్నట్టు, కాగితం పూలు నేర్పమని తను నా వెంట పడుతోంది. నీకు తెలిసినవాటిలో అన్నిటికన్నా కష్టమైన పువ్వేదో వెంటనే రాయి.

నీ చెల్లి